శుక్రవారం పూట మనామాలో యోసేపు

ట్యాక్సీ తలుపు తీయగానే మీ కళ్లజోడు మీద ఆవిరి కమ్మేస్తుంది. జూలై నెల, శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర. సముద్రం కనబడదు, దాని ఉక్క మాత్రం చొక్కాలోకి దూరుతుంది. అద్దాలు తుడుచుకుని చూస్తే ఈసా అల్ కబీర్ రోడ్డు, అమెరికన్ మిషన్ హాస్పిటల్, ఆ దగ్గర్లోనే నేషనల్ ఇవాంజెలికల్ చర్చి. గేటు దగ్గర ఒక గుంపు మలయాళం మాట్లాడుకుంటూ బయటికొస్తుంటే ఇంకో గుంపు తమిళం మాట్లాడుకుంటూ లోపలికి పోతోంది. బహ్రెయిన్‌లో ఆదివారం పనిదినం. 2006 నుంచి శుక్ర, శనివారాలే సెలవు. అందుకని ఆదివారపు ఆరాధన చాలామందికి శుక్రవారానికి జరిగింది. భాషకో గది, గదికో వేళ. ఆ భాషల్లో తెలుగు కూడా ఒకటి.

గుమ్మం బయట విడిచిన చెప్పుల్ని చూస్తేనే లోపల ఎవరున్నారో తెలిసిపోతుంది. సిమెంటు మరకల సేఫ్టీ బూట్లు, నర్సుల తెల్ల బూట్లు, రబ్బరు హవాయిలు, ఆఫీసు తోలు బూట్లు ఒక జత. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. తలల మీద కొంగులు, చున్నీలు. "వందనాలు బ్రదర్, ముందుకి రండి" అని ఒకాయన మీ భుజం మీద చెయ్యేసి కుర్చీ చూపిస్తాడు. ఏసీ గాలికి చెమట చల్లబడుతుంది. హార్మోనియం లేదు, కీబోర్డు ఉంది. తబలా మాత్రం ఉంది. అది లేకుండా తెలుగు పాట లేవదు మరి.

నడవకి అవతల, మీకు ఎదురుగా కనిపించేంత దగ్గర్లో, నలభై దాటిన ఒకామె కూర్చుంది. రాజోలు వైపు మనిషి. పక్కామెతో అన్న రెండు మాటల్లోనే ఆ యాస పట్టుబడుతుంది. ఆమె ఒళ్లో జిప్పు కవరు వేసిన బైబిలు. జిప్పు తీస్తే ముందు బైబిలు కాదు, ఒక్కొక్కటిగా బతుకు బయటికొస్తుంది: బహ్రెయిన్ గుర్తింపు కాగితమైన సీపీఆర్ కార్డు, ఇంటికి డబ్బు పంపిన ఎక్స్ఛేంజి రసీదులు నాలుగైదు మడతలు పెట్టినవి, స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్ల పాస్‌పోర్టు సైజు ఫొటో, వాడేసిన రీఛార్జి కార్డు. రసీదుల్ని ఫొటో కిందకి తోసి, ఆదికాండం తెరుస్తుంది. ఆ పేజీల అంచులు పసుపుకొమ్ము రంగుకి తిరిగి ఉన్నాయి.

వాక్యం చెప్పే ఆయన వారమంతా ఒక కంపెనీలో లెక్కలు రాసే మనిషి. ఈవేళ యోసేపు కథ. గల్ఫ్‌లో తెలుగు ప్రసంగీకుడికి ఇంతకన్నా అచ్చొచ్చే కథ లేదు. పదిహేడేళ్ల కుర్రాణ్ని సొంత అన్నలే గుంటలో పడేసి, ఐగుప్తు వైపు పోయే వర్తకులకి 20 తులాల వెండికి అమ్మేశారు. పరాయి దేశం, పరాయి భాష, పోతీఫరు అనే అధికారి పెద్దింట్లో పని.

"పోతీఫరు ఇంట్లో యోసేపు ఏ వీసా మీద ఉన్నాడు?" అని అడుగుతాడాయన.

"హౌస్‌బాయ్ వీసా, బ్రదర్!" వెనక వరసలోంచి జగిత్యాల కుర్రాడి గొంతు. హాలంతా నవ్వు.

నవ్వు చల్లారకముందే ఆయన తరవాతి మాటకి పోతాడు. ఆ ఇంటి యజమానురాలు అబద్ధం చెప్పింది, యోసేపు మీద కేసు పడింది, జైలుకి పోయాడు. ఈసారి ఆడవాళ్ల పక్క ఎవరూ నవ్వరు. పని మానేస్తానంటే దొంగతనం కేసు పెడతానన్న మేడమ్‌ల గురించి ఆ వరసల్లో వినని వాళ్లుండరు.

ఇక్కడిదాకా కథ. ఆ తరవాత వచ్చేదే చిక్కు. ముప్పై ఏళ్లకి యోసేపు ఐగుప్తుకి అధిపతి అయ్యాడు, కరువులో అన్నలే వచ్చి కాళ్ల మీద పడ్డారు. మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్నే మేలుకి తిప్పాడు అన్నది యోసేపు వాళ్లకి చెప్పిన మాట సారాంశం. అంటే గుంటలో పడెయ్యడం దేవుడి ఏర్పాటేనా? అయితే అన్నల తప్పేముంది? వాళ్ల తప్పే అయితే, దేవుడు జరిగాక సర్దుకున్నాడా, ముందే రాసిపెట్టాడా?

ఈ ప్రశ్న మీద యూరప్‌లో పెద్ద పెద్ద సభలు జరిగాయి, పదవులు పోయాయి. 1525లో లూథర్, మనిషి చిత్తం పాపానికి బందీ అని ఎరాస్మస్ మీద పుస్తకమే రాశాడు. 1618-19లో డచ్చి ఊరు డోర్ట్‌లో కాల్విన్ మార్గం వాళ్లు సభ పెట్టి, ఎవరు రక్షణ పొందాలో దేవుడు తన కృప చొప్పునే ఎన్నుకుంటాడని తేల్చారు. తరవాతి శతాబ్దంలో జాన్ వెస్లీ దానికి ఒప్పుకోలేదు. కృప అందరి తలుపూ తడుతుంది, తీయడమో మానడమో మనిషి పని అన్నాడు. ఈ హాలులో కూర్చున్న వాళ్లలో డోర్ట్ పేరు విన్నవాళ్లు ఉంటారనుకోను. కానీ ఆ తగాదా అంతా ఇక్కడ పక్కపక్క కుర్చీల్లోనే ఉంది. గుంటూరు నర్సు లూథరన్ ఇంటి బిడ్డ, తనకి ఊహ తెలియని వయసులోనే బాప్తిస్మం అయిపోయింది. ఒంగోలు ఇంజనీరు బాప్టిస్టు, బుద్ధెరిగి ఒప్పుకుంటే తప్ప నీళ్లలో దింపరు. మెదక్ వైపు వాళ్లది సీఎస్ఐ, అక్కడికి సువార్త తెచ్చింది వెస్లీ మార్గం మిషనరీలు. పెంతెకొస్తు వాళ్లు సరేసరి. ఊళ్లో అయితే వీళ్లవి నాలుగు వీధుల్లో నాలుగు గుళ్లు. అద్దె గదుల దేశంలో అందరికీ ఒకే హాలు.

చిత్రమేమిటంటే, వీళ్లు కూర్చున్న ఈ ప్రాంగణమే డోర్ట్ వారసులది. డచ్చి మూలాలున్న అమెరికా రిఫార్మ్డ్ చర్చి మనిషి శామ్యూల్ జ్వెమర్ 1892లో బహ్రెయిన్‌లో దిగాడు. 1903లో ఆసుపత్రి తెరిచారు, 1906లో చర్చి కట్టారు. అంతా ముందే నిర్ణయమైపోతే సముద్రాలు దాటి సువార్త చెప్పడమెందుకని కాల్విన్ వాళ్లని ఎగతాళి చేసేవాళ్లకి జ్వెమర్ బతుకే ఒక జవాబు. దేవుడు ఎన్నుకున్నాడు గనకే నా ప్రయాణం వృథా కాదు అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కకి కట్టిన వెల కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1904 జూలైలో, సరిగ్గా ఇలాంటి ఉక్కపోతలో, జ్వెమర్ దంపతుల ఇద్దరు కూతుళ్లు, ఏడేళ్ల కాథరీనా, నాలుగేళ్ల రూత్, ఎనిమిది రోజుల తేడాలో జబ్బుచేసి పోయారు. ఇద్దరూ బహ్రెయిన్ మట్టిలోనే ఉన్నారు. సమాధి మీద దేవుణ్ని స్తుతించే మాట చెక్కించారు. ఆ మాట చెక్కించింది కన్న తల్లిదండ్రులు. అది మాత్రం గుర్తుపెట్టుకోండి, దాంతో పని ఉంది.

పదకొండున్నర దాటింది. బయట జుమ్మా అజాన్ మొదలైంది. ఒక మసీదు, దాని వెనకే ఇంకోటి. ప్రసంగీకుడు గొంతు తగ్గిస్తాడు గానీ ఆపడు. మీకు నవ్వొస్తే తప్పులేదు. గోడకి ఇటు పక్క నలిగే ప్రశ్నే అటు పక్కా పన్నెండు వందల ఏళ్లకి పైగా నలుగుతోంది. మనిషి తన పనికి తానే కర్త అన్న ఖదరీలు, అంతా అల్లా బలవంతమే అన్న జబ్రీలు ఇస్లాం తొలి రోజుల్లోనే వాదులాడుకున్నారు. బహ్రెయిన్‌లో పెద్ద సంఖ్యలో ఉన్న షియాలు ఇమామ్ జాఫర్ సాదిఖ్ చెప్పాడనే ఒక మాటని పట్టుకుంటారు: పూర్తి బలవంతమూ కాదు, పూర్తిగా మనిషికి వదిలెయ్యడమూ కాదు, సంగతి ఆ రెంటికీ నడుమ ఉంది. గుంటూరు నర్సుకి ఈ మాట చెబితే, మా అయ్యగారూ అదే చెబుతారండీ అంటుంది.

ఆరాధన అయ్యాక ప్లాస్టిక్ కప్పుల్లో టీ, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర. ఇక్కడే అసలు సభ.

రాజోలామె గోడకి ఆనుకుని ప్రసంగీకుడితో మాట్లాడుతోంది. మీరు కప్పు పట్టుకుని పక్కనే నిలబడ్డారు, వినకుండా ఉండలేరు.

"ఏజెంటు హాస్పిటల్లో క్లీనింగ్ పనన్నాడండి. దిగాక చూస్తే ఖద్దామా పని, ఇంటి పనిమనిషిగా. పదిమంది ఉన్న ఇల్లు. పాస్‌పోర్టు ఇంటి యజమాని, బాబా, బీరువాలో పెట్టుకున్నాడు. నాలుగు నెల్లు జీతం లేదు. ఏం చేస్తామండి, దేవుడి చిత్తం. నన్నిక్కడికి తెచ్చింది ఆయనే కదా."

"అంతేనమ్మా, సహించాలి. యోసేపు సహించలేదా?" ఇది పక్కనున్న పెద్దాయన మాట. మంచి మనిషే, ఆమె ప్లేటులో ఇంకో గరిటె పులిహోర వేస్తూ అంటున్నాడు.

ప్రసంగీకుడు వెంటనే ఏమీ అనడు. చెయ్యి చాచి ఆమె బైబిలు అడుగుతాడు. ఆదికాండం నలభయ్యో అధ్యాయం దగ్గర వేలు పెట్టి, "ఇది చదువమ్మా" అంటాడు. ఆమె కూడబలుక్కుంటూ చదువుతుంది. జైల్లో పానదాయకుల అధిపతికి విడుదల అని కల అర్థం చెప్పాక యోసేపు అతణ్ని బతిమాలుకునే చోటు అది. రాజు దగ్గర నా సంగతి చెప్పి నన్ను బయటపడెయ్యి అంటాడు. నన్ను మా దేశం నుంచి ఎత్తుకొచ్చారు, నేను ఏ తప్పూ చెయ్యలేదు అని కూడా అంటాడు.

"ఏం చేశాడమ్మా ఇక్కడ?"

"మొర పెట్టుకున్నాడండి."

"మన భాషలో?"

వెనక నుంచి జగిత్యాల కుర్రాడే అందుకుంటాడు: "కంప్లయింట్ ఇచ్చిండు!"

వందసార్లు విన్న కథలో ఈ ముక్క ఎందుకు జారిపోతుందో చూడండి. మన ప్రసంగాలు గుంట నుంచి సింహాసనానికి ఒక్క గంతు వేస్తాయి. నడుమ పదమూడేళ్లున్నాయి. ఆ పదమూడేళ్లలో యోసేపు దేవుణ్ని నమ్మాడు, దరఖాస్తూ పెట్టుకున్నాడు. రెండూ ఒకదానికొకటి అడ్డమని అతను అనుకోలేదు. ఇంకో సంగతి. దేవుడు మేలుకే తిప్పాడన్న మాట ఆ కథలో పలికింది యోసేపు ఒక్కడే, అదీ అంతా అయ్యాక, అన్నలు బెదిరిపోతుంటే వాళ్లని ఊరడించడానికి. గుంట అంచున నిలబడి లోపలున్నవాడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. అన్నలే చెప్పి ఉంటే ఎంత అసహ్యంగా ఉండేది! జ్వెమర్ కూతుళ్ల సమాధి మీది మాట వాళ్ల అమ్మానాన్నల నోటి నుంచి వచ్చింది గనకే మనం తలవంచుతాం. అదే మాట ఊళ్లో ఇంకెవరైనా ఓదార్పుగా పట్టుకొచ్చి చెబితే మొహం మీద తలుపు వేసేవాళ్లం.

దేవుడి సర్వాధికారాన్ని గట్టిగా పట్టుకున్న కాల్విన్ సంప్రదాయం కూడా మనిషి నేరాన్ని మాఫీ చెయ్యలేదు. సిలువ దేవుడి సంకల్పమే అంటూనే, వేసినవాళ్లు దుర్మార్గులేనని పేతురు పెంతెకొస్తు పండుగనాడు ఒకే వాక్యంలో అన్నాడు. ఫరో గుండెని దేవుడు కఠినపరిచాడనీ ఉంది, ఫరోయే కఠినపరచుకున్నాడనీ ఉంది. ఈ రెండూ ఎలా అతుకుతాయో వేదాంతులు వెయ్యేళ్లు రాసినా నాకు పూర్తిగా అర్థం కాలేదు, అర్థమైందనే వాళ్ల మీద నాకు నమ్మకమూ లేదు. కానీ ఏజెంటుకి ఆ అతుకులో దాక్కునే చోటు లేదన్నది మాత్రం స్పష్టం.

ఒంగోలు ఇంజనీరు టీ ముగించి ఒక పాత సంగతి ఎత్తుతాడు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం ఎగబడితే ఇవ్వలేదు. కూటి కోసం ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదని ఆయన భయం. కరువు సహాయం ఆగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజునే బాప్తిస్మం పొందారు. "అది దేవుడి కార్యమనే మా తాతలు చెప్పుకున్నారు. కానీ మనిషి ఒప్పుకోలుకి కూడా తావు ఉండాలని క్లౌ దొర ఆగాడు చూడండి" అంటాడాయన. ఆకలితో ఉన్నవాడి సంతకం సంతకం కాదని ఒక పల్లెటూరి మిషనరీకి అప్పుడే తెలుసు. అరెకరం తాకట్టు పెట్టి గల్ఫ్‌కి వచ్చే ఆడమనిషి వేలిముద్ర గురించి మనకింకా అనుమానాలే.

ప్రసంగీకుడు ఫోను తీశాడు. బహ్రెయిన్‌లో పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధమని రాజోలామెకి చెబుతున్నాడు. భారత రాయబార కార్యాలయానికి రాయాల్సిన అర్జీలో ముందు ఏజెంటు పేరు, ఊరు ఉండాలంటున్నాడు. పెద్దాయన పులిహోర గరిటె పక్కనపెట్టి, ఎల్లుండి నా బండిలో తీసుకెళ్తానమ్మా అన్నాడు. కల్లివెల్లి అయిపోతే, అంటే కాగితాల్లేని మనిషివైపోతే, ఇంకా చిక్కు, తొందరపడి ఇల్లు వదలకు, కాగితం పెట్టాకే ఏ అడుగైనా అని నర్సు హెచ్చరిస్తోంది. రాజోలామె జిప్పు కవరులోంచి ఒక రసీదు తీసి, దాని వెనక ఏజెంటు పేరు రాయడం మొదలుపెట్టింది.

ఇక ఊళ్లో ఉన్న పాస్టరయ్యగార్లకి ఒక మనవి. వీసా కాగితం పట్టుకుని, దేవుడి చిత్తమో కాదో ప్రార్థన చెయ్యండి అయ్యగారూ అని మీ దగ్గరికి వస్తారు. కళ్లు మూసుకునే ముందు ఆ కాగితం చదవండి. అది విజిట్ వీసానా, పని వీసానా చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి విదేశం వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు, ఉన్న ఆడమనిషిని ముప్పై ఏళ్లు నిండకుండా ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదని భారత ప్రభుత్వ నిబంధన ఉంది, వయసు అడగండి. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలే, ఏజెంటు కన్నా ముందు అక్కడికి పంపండి. ప్రార్థన ఆ తరవాత చేయండి, తప్పకుండా చేయండి.