మే నెల వార్డు, జనవరి వార్డు

2021 మే నెల నడిమి రోజులు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి. మీరు పీపీఈ కిట్ వేసుకుని కోవిడ్ వార్డులోకి అడుగు పెట్టారు. ఐదు నిమిషాలకే వీపు మీద చెమట కాలువ కడుతోంది. ఫేస్ షీల్డ్‌కు ఆవిరి పట్టి ఎదుటి మనిషి మసకగా కనిపిస్తున్నాడు. కంటి కంటే ముందు చెవికే వార్డు అర్థమవుతుంది. ప్రతి మంచం తల దగ్గరా గోడకున్న సీసాలో నీళ్లు బుడబుడమంటున్నాయి, మాస్కుల్లోంచి ఆక్సిజన్ బుస్సుమంటోంది, మానిటర్లు ఆగకుండా మోగుతున్నాయి.

కిటికీ పక్క మంచం మీద నలభై ఏళ్ల రైతు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఫోన్లో కొడుకుతో మాట్లాడుతున్నాడు.

"వడ్లు కాంటా అయినయారా? మబ్బు పట్టేటట్టుంది, పట్టా కప్పుండ్రి."

మాటలో తడబాటు లేదు, ముఖంలో భయం లేదు. సిస్టర్ వచ్చి ఆయన వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించింది. ఎర్రటి అంకె కాసేపు అటూ ఇటూ ఊగి 82 దగ్గర నిలిచింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి 95 పైన ఉండాలి.

"అన్నా, ఫోన్ పక్కన పెట్టు. మాస్క్ పైకి జరుపుకో. బోర్లా పడుకో."

"నాకేం కాలేదమ్మా. జర నీరసం, గంతే. రేపు ఇంటికి పంపియ్యుండ్రి."

ఈ జబ్బులో అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు దెబ్బతిని రక్తానికి ఆక్సిజన్ అందడం లేదు. కానీ కార్బన్ డయాక్సైడ్ మాత్రం బయటికి పోతూనే ఉంది. మెదడుకు ఆయాసం సంగతి గట్టిగా చెప్పేది అదే కాబట్టి, అది పేరుకోనంత వరకూ మనిషికి ప్రమాదం తెలియదు. తెలిసే వేళకు వెంటిలేటర్ దగ్గరికి వచ్చేస్తాడు.

కేస్ షీట్ చూడండి. జ్వరం మొదలై తొమ్మిదో రోజు. మొదటి నాలుగు రోజులు ఊళ్లోనే సెలైన్ ఎక్కించుకున్నాడు. ఆరో రోజు జ్వరం తగ్గింది, ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఎనిమిదో రోజు బాత్రూం దాకా నడిచి వచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. సీటీ స్కాన్ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, నల్లగా కనిపించాల్సిన ఊపిరితిత్తుల అంచుల్లో, ముఖ్యంగా కింది భాగాల్లో, తెల్లటి మసక పొరలు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న తీవ్రత స్కోరు 25కి 17. మొదటి వారం వైరస్ చేసిన నష్టం ఒకటైతే, రెండో వారం దాని మీద ఒంటి రక్షణ వ్యవస్థ చేస్తున్న యుద్ధంలో జరిగే నష్టం మరొకటి. ఈ రెండోదానికే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, రోజుకు 6 మిల్లీగ్రాములు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లోనే తేల్చింది: వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీదున్న వాళ్లలో ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకు ఏ మేలూ కనిపించలేదు.

ఈ చివరి మాటను జనం వినలేదు. జ్వరం వచ్చిన రెండో రోజే ఎవరో వాట్సాప్‌లో పంపిన చీటీ చూసి స్టెరాయిడ్ మింగిన వాళ్లెందరో. అందులో షుగరు ఉన్నవాళ్లూ ఉన్నారు. ఈ వార్డు దాటి వెళ్లిన కొందరు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో తేలారు, కంటి కింద వాపుతో, ముక్కులో నల్లటి చెక్కుతో. అదే బ్లాక్ ఫంగస్. నాకు ఇప్పటికీ కోపం తగ్గదు. స్టెరాయిడ్ ప్రాణం పోసే మందే, వేళ కాని వేళ వేసుకుంటే ప్రాణం తీసే మందు కూడా.

రైతు బోర్లా పడుకున్నాడు. ఛాతీ కింద ఒక దిండు, కటి కింద ఒక దిండు. వెల్లకిలా ఉన్నప్పుడు నలిగిపోయే వీపు వైపు ఊపిరితిత్తుల భాగం ఇప్పుడు విచ్చుకుంటుంది. మాస్కుకు నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్. మీరు అంకె మీంచి కళ్లు తిప్పలేరు. 83, 85. మళ్లీ 84. ఓ పావుగంటకు 90.

కేస్ షీట్‌లో ఎక్కడా వేరియంట్ పేరు లేదు. ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్ అని మాత్రమే ఉంది. ఏ రకం వైరస్ అన్నది హబ్సిగూడ సీసీఎంబీ లాంటి ల్యాబుల్లో జన్యుక్రమం చదివితే తప్ప తెలియదు. ఈ అలలో ఎక్కువగా తిరుగుతున్న రకాన్ని శాస్త్రవేత్తలు బి.1.617.2 అంటున్నారు. డబ్ల్యూహెచ్ఓ డెల్టా అని పిలవడం మే 31న మొదలవుతుంది. పేరు రాకముందే దాని పని సాగుతోంది. స్పైక్ ప్రొటీన్‌లో పీ681ఆర్ అనే మార్పు వల్ల అది మరింత సులువుగా కణంలోకి దూరుతుంది, సోకిన కణాన్ని పక్క కణంతో అతికిస్తుంది.  ముప్పైలు, నలభైలవాళ్లు మంచాల మీద, వాళ్ల అమ్మానాన్నలు గేటు బయట.

బయట ఫుట్‌పాత్ మీద చాపలు, అన్నం క్యారియర్లు. ఆక్సిజన్ కోసం ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపాల్సి వచ్చిన రోజులవి. రైతు పక్క మంచం మనిషిని తెల్లవారుజామున ఐసీయూకి తీసుకెళ్లారు. ఆయనా నలభై ఏళ్లవాడే.

2022 జనవరి. సంక్రాంతి వెళ్లింది, డెల్టా తర్వాత ఒమిక్రాన్ అనే కొత్త రకం వచ్చింది. అదే వార్డులోకి రండి. బుడబుడల చప్పుడు పలచబడింది. ఈసారి కిక్కిరిసింది కింద, ఓపీలో. వరుసలో ఉన్నవాళ్లంతా గొంతు పట్టుకునే మాట్లాడుతున్నారు. గుటక వేస్తే మంట, ముక్కు కారడం, నడుం నొప్పి. "కాఫీ వాసన తెలుస్తోందా?" అని డాక్టరు అడిగితే "తెలుస్తోంది సార్" అంటున్నారు. బ్రిటన్‌లో టీకా వేసుకున్న వాళ్ల లక్షణాలు పోల్చి చూస్తే, డెల్టా సోకిన 100 మందిలో 53 మందికి వాసన పోయింది, ఒమిక్రాన్ సోకిన వాళ్లలో 17 మందికే. డ్యూటీ చార్టులో మాత్రం ఖాళీలు. డాక్టర్లు, సిస్టర్లు, వార్డు బాయ్‌లు వరసగా పాజిటివ్.

హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో మనిషి కణజాలం మీద రెండు రకాలనూ పెంచి చూశారు. 24 గంటల్లో శ్వాసనాళాల్లో ఒమిక్రాన్ డెల్టా కంటే 70 రెట్లు వేగంగా పెరిగింది. ఊపిరితిత్తుల లోపలి కణజాలంలో మాత్రం తొలినాటి వైరస్‌తో పోలిస్తే పదో వంతు కూడా పెరగలేదు. గొంతులో ఎక్కువగా ఉంటే ఎక్కువ మందికి అంటుతుంది, లోపల తక్కువగా ఉంటే తక్కువ మందికి ఊపిరి అందకుండా పోతుంది.

వార్డు మూలకు రండి. ఒక మంచం మీద డెబ్బై దాటిన పెద్దాయన. డయాలసిస్ పేషెంటు. టీకా వేసుకోలేదు.

"భయమైందయ్యా, ఈ వయసులో సూది ఎందుకని ఊరుకున్నా" అంటున్నాడు, ఒక్కో మాటకూ ఆగి గాలి పీల్చుకుంటూ. ఆయన వేలి మీద అంకె 86. ఆయన ఒంట్లో ఉన్నదీ ఆ తేలికపాటి రకమే.

ఒమిక్రాన్ తేలిక అనే మాట అందుకే సగం నిజం. ఇంగ్లండ్ లెక్కల్లో డెల్టాతో పోలిస్తే దానివల్ల మరణించే ముప్పు 69 శాతం తక్కువ, నిజమే. కానీ అది మన దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఒంట్లో టీకానో, పాత ఇన్ఫెక్షనో పెట్టిన రక్షణ ఉంది. ఆ రక్షణ లేని పెద్దలు ఎక్కువగా ఉన్న హాంకాంగ్‌లో ఏం జరిగిందో చూడండి. 2021 ఆఖరు దాకా, రెండేళ్లలో, అక్కడ కోవిడ్ మరణాలు 213. ఒమిక్రాన్ వచ్చాక 2022 మార్చి ముగిసేసరికి ఏడు వేలు దాటాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది టీకా పూర్తిగా వేసుకోని వృద్ధులు. వైరస్ పేరుతో పాటు అది ఎవరి ఒంట్లో చేరిందన్నదీ చూడాలి.

ఇవాళ తిరుగుతున్న కోవిడ్ రకాలన్నీ ఒమిక్రాన్ సంతతే. ఇంట్లో అరవై దాటిన వాళ్లుంటే, షుగరో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లుంటే, మీకు గొంతు నొప్పి వచ్చిన రోజు మాస్కు పెట్టుకుని వాళ్లకు దూరంగా పడుకోండి. వాళ్లకే జ్వరం వస్తే మాట బాగుంది కదా అని ఊరుకోవద్దు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూడండి, 94 కంటే తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ మాత్రం ఇవ్వకండి.