యాంటీవైరస్‌లో 'వైట్‌లిస్ట్' అంటే ఏంటి? ఒక్క ఫోల్డర్‌ను వదిలేస్తే ఏం జరుగుతుంది?

ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేయబోతే యాంటీవైరస్ అడ్డుకుంటుంది. ఐటీ టీమ్‌కు టికెట్ పెడితే "వైట్‌లిస్ట్ చేశాం, ఇప్పుడు చూడండి" అని రిప్లై వస్తుంది. మన పని అయిపోతుంది. కానీ వాళ్లు వదిలింది ఆ ఒక్క ఫైల్‌నేనా, లేక అది ఉన్న ఫోల్డర్ మొత్తాన్నా? ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. 2021లో ఆ తేడా ఖరీదు ఎంతో వందలాది సంస్థలకు తెలిసొచ్చింది. అసలు వైట్‌లిస్టింగ్ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతీస్తుందో చూద్దాం.

ముందుగా.. ఎండ్‌పాయింట్, పాలసీ అంటే?

కంపెనీ నెట్‌వర్క్‌కు కనెక్ట్ అయ్యే ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్, సర్వర్, మొబైల్.. ప్రతిదాన్నీ ఎండ్‌పాయింట్ అంటారు. వీటిలో ఉండే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌ను ఎవరికి వారు సెట్ చేసుకోరు. ఐటీ అడ్మిన్ ఒకే కన్సోల్‌లో రూల్స్ రాస్తారు. ఆ రూల్స్ అన్నీ కలిపితే పాలసీ. సేవ్ చేశాక అది ఆ గ్రూప్‌లోని అన్ని మెషీన్లకూ వెళ్తుంది. అంటే పాలసీలో ఒక్క లైన్ తప్పుగా రాస్తే, ఆ తప్పు వేల కంప్యూటర్లలో ఒకేసారి పడుతుంది.

ఒకే మాట.. రెండు అర్థాలు

చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. యాంటీవైరస్ పాలసీలో వైట్‌లిస్ట్ అంటే మినహాయింపు. మిగతావన్నీ చెక్ చెయ్, వీటిని మాత్రం వదిలెయ్ అని అర్థం.

రెండోది అప్లికేషన్ వైట్‌లిస్టింగ్. ఇది పూర్తిగా రివర్స్. లిస్ట్‌లో ఉన్నవి మాత్రమే రన్ అవుతాయి, మిగతా ఏవీ రన్ కావు. విండోస్‌లో యాప్‌లాకర్ చేసే పని ఇదే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2015లో దీనిపై ప్రత్యేక గైడ్ ఇచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ 'ఎసెన్షియల్ ఎయిట్' జాబితాలోనూ ఇది ఉంది.

పేరు ఒకటే అయినా మొదటిది కాపలాను తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది. ఇప్పుడు చాలా కంపెనీలు వైట్‌లిస్ట్ బదులు 'అలౌ లిస్ట్' అనే మాట వాడుతున్నాయి. మనం ఇక్కడ మాట్లాడుకునేది మొదటి రకం గురించే.

అసలు మినహాయింపు ఎందుకు?

యాంటీవైరస్ కూడా పొరబడుతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణం లాంటి 'ఎస్‌వీసీహోస్ట్' ఫైల్‌ను వైరస్ అనుకుంది. దాంతో ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ఆఫీసుల్లో కంప్యూటర్లు పదే పదే రీస్టార్ట్ అయ్యాయి, నెట్‌వర్క్ కనెక్షన్ పోయింది. మంచి ఫైల్‌ను చెడ్డదిగా చూపించే ఇలాంటి పొరపాటును ఫాల్స్ పాజిటివ్ అంటారు.

రెండో కారణం స్పీడ్. డేటాబేస్ సర్వర్‌లో ఒకే ఫైల్‌లోకి సెకనుకు వందల సార్లు డేటా వెళ్తుంటుంది. ప్రతిసారీ స్కాన్ చేస్తే సర్వర్ నత్తనడక నడుస్తుంది. మూడోది, కంపెనీ సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్. దాన్ని బయట ఎవరూ వాడరు కాబట్టి యాంటీవైరస్‌కు అది కొత్త ముఖం. అనుమానిస్తుంది.

ఎలా పనిచేస్తుంది?

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఊహించుకోండి. మీరు ఫైల్‌ను ఓపెన్ చేయగానే యాంటీవైరస్ దాన్ని గేటు దగ్గరే ఆపుతుంది. ముందు తన లిస్ట్ చూస్తుంది. లిస్ట్‌లో పేరుంటే లోపలికి పంపేస్తుంది. లేకపోతేనే పాత వైరస్‌లతో పోల్చడం, క్లౌడ్‌లో ఆ ఫైల్ చరిత్ర చూడటం లాంటి చెకింగ్ మొదలవుతుంది. రన్ అయ్యాక అది చేసే పనుల మీద కూడా ఓ కన్నేసి ఉంచుతుంది. మినహాయింపు ఇచ్చినప్పుడు ఈ దశల్లో ఎన్ని ఆగిపోతాయన్నది ప్రొడక్ట్‌ను బట్టి, పాలసీని బట్టి మారుతుంది.

ఇక లిస్ట్‌లో పేరు ఎలా రాస్తారన్నదే అసలు పాయింట్. ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి.

1. హ్యాష్: ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఏ ఫైల్‌కైనా 64 అక్షరాలు, అంకెల కోడ్ వస్తుంది. ఫైల్‌లో ఒక్క కామా మారినా కోడ్ మొత్తం మారిపోతుంది. అందుకే ఇది అన్నిటికన్నా సేఫ్. ఇబ్బంది ఏంటంటే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ కొత్త హ్యాష్ చేర్చాలి.

2. సర్టిఫికెట్: ఫైల్ మీద తయారు చేసిన కంపెనీ డిజిటల్ సంతకం. ఐడీ కార్డు చూసి లోపలికి పంపడం లాంటిది. అప్‌డేట్ వచ్చినా మళ్లీ చేర్చక్కర్లేదు. కానీ కార్డు దొంగ చేతిలో పడితే అతన్నీ వదిలేస్తుంది.

3. ప్రాసెస్: ఫలానా ప్రోగ్రామ్ ముట్టుకునే ఫైళ్లను చెక్ చేయొద్దు అని చెప్పడం. మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఇలా చేస్తే ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్లను రియల్ టైమ్‌లో స్కాన్ చేయదు. ప్రోగ్రామ్ ఫైల్‌ను మాత్రం స్కాన్ చేస్తూనే ఉంటుంది. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

4. ఫోల్డర్, ఎక్స్‌టెన్షన్: ఈ ఫోల్డర్‌లో ఏముందో చూడొద్దు, లేదా ఈ రకం ఫైళ్లను అసలు చూడొద్దు అనడం. వెనక గేటు నుంచి ఎవరొచ్చినా అడగొద్దని వాచ్‌మన్‌కు చెప్పినట్టే. ఒక్క లైన్ రాస్తే చాలు కాబట్టి అందరూ దీన్నే వాడేస్తారు. రిస్క్ కూడా దీనికే ఎక్కువ.

2021లో ఏం జరిగింది?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2021 జులై 2న జరిగింది అదే. కాసెయా అనే కంపెనీ తయారు చేసిన 'వీఎస్‌ఏ' సాఫ్ట్‌వేర్‌తో ఐటీ సర్వీస్ సంస్థలు తమ కస్టమర్ల కంప్యూటర్లను దూరం నుంచే మేనేజ్ చేస్తాయి. అది సరిగ్గా పనిచేయాలంటే దాని వర్కింగ్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ స్కాన్ నుంచి మినహాయించాలని కాసెయా ముందే సూచించింది.

రెవిల్ ర్యాన్సమ్‌వేర్ గ్యాంగ్ వీఎస్‌ఏ సర్వర్లలోని లోపాన్ని వాడుకుని, అప్‌డేట్ పేరుతో తమ ఫైల్‌ను సరిగ్గా ఆ ఫోల్డర్‌లోకే పంపింది. తర్వాత ఒక కమాండ్‌తో డిఫెండర్ రక్షణలను ఆపేసింది. అక్కడ రన్ అయిన ఫైల్‌పై చెల్లుబాటయ్యే డిజిటల్ సంతకం కూడా ఉంది. ఆఖర్లో, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న పాత డిఫెండర్ ఫైల్ ఒకటి తీసుకొచ్చి, దానితోనే అసలు వైరస్‌ను లోడ్ చేయించింది.

ఫోల్డర్ మీద నమ్మకం, సంతకం మీద నమ్మకం, పేరున్న కంపెనీ మీద నమ్మకం.. మూడింటినీ ఒకే దాడిలో వాడుకున్నారు. 800 నుంచి 1500 వరకు సంస్థలు దెబ్బతిన్నాయని కాసెయా చెప్పింది. బిల్లింగ్ మెషీన్లు ఆగిపోవడంతో స్వీడన్‌లో కూప్ సూపర్‌మార్కెట్లు వందల సంఖ్యలో మూతపడ్డాయి. గ్యాంగ్ అడిగిన మొత్తం 7 కోట్ల డాలర్లు.

మైక్రోసాఫ్ట్ కూడా వెనక్కి తగ్గింది

ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్ల కోసం మైక్రోసాఫ్ట్ చాలా ఏళ్లుగా ఒక మినహాయింపుల లిస్ట్ ఇస్తూ వచ్చింది. అందులో కొన్ని ఫోల్డర్లు, పవర్‌షెల్ లాంటి ప్రాసెస్‌లను తీసేయాలని 2023 ఫిబ్రవరిలో తానే చెప్పింది. వాటిని అలాగే ఉంచితే సర్వర్‌లో దాక్కునే వెబ్‌షెల్స్ దొరక్కుండా పోవచ్చన్నది కారణం. ఒకప్పుడు సరైన మినహాయింపే తర్వాత లోపంగా మారొచ్చన్నమాట.

అడ్మిన్లు గుర్తుంచుకోవాల్సినవి

* హ్యాష్‌తో పని జరిగితే ఫోల్డర్ జోలికి వెళ్లొద్దు. ఫోల్డర్ తప్పనిసరైతే పూర్తి పాత్ రాయాలి. నక్షత్రం గుర్తు పెట్టి వదిలేయొద్దు.
* డౌన్‌లోడ్స్, టెంప్ లాంటి ఫోల్డర్లను ఎప్పుడూ మినహాయించొద్దు. ఏ యూజర్ అయినా ఫైల్ పెట్టగలిగే చోటు దొంగకూ అందుబాటులోనే ఉంటుంది.
* ఒక సర్వర్‌కు కావాల్సిన మినహాయింపును కంపెనీ మొత్తానికి ఇవ్వొద్దు. ఆ సర్వర్ గ్రూప్‌కు వేరే పాలసీ పెట్టండి.
* ఎవరు అడిగారు, ఎందుకు ఇచ్చాం, ఎప్పుడు తీసేయాలి.. ఈ మూడూ రాసిపెట్టండి. ఉద్యోగి వెళ్లిపోయినా మినహాయింపు మాత్రం అలాగే ఉండిపోతుంది.
* మినహాయింపుల లిస్ట్ అందరికీ కనిపించకుండా చూడండి. దొంగకు అదే రూట్ మ్యాప్.

మరి మన సొంత కంప్యూటర్, ఫోన్ సంగతి?

క్రాక్ సాఫ్ట్‌వేర్ వీడియోల్లో "ముందు యాంటీవైరస్ ఆపండి, లేదా ఈ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెట్టండి" అని చెప్తుంటారు కదా? పైన కాసెయా విషయంలో దొంగలు కష్టపడి సాధించింది, ఇక్కడ మనమే చేతులారా ఇస్తున్నాం. ఒకసారి విండోస్ సెక్యూరిటీ ఓపెన్ చేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో కింద ఉండే ఎక్స్‌క్లూజన్స్ చూడండి. మీరు పెట్టనివి, ఎందుకు పెట్టారో గుర్తులేనివి ఉంటే తీసేయండి. ఆ వెంటనే ఫుల్ స్కాన్ చేయండి.

ఫోన్‌లోనూ అంతే. వాట్సాప్‌లో చలానా పేరుతోనో, బ్యాంక్ పేరుతోనో ఏపీకే ఫైల్ పంపి, ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయమని ఎవరైనా చెప్తే అక్కడే ఆగిపోండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

ఇక ఈసారి ఆఫీస్‌లో "వైట్‌లిస్ట్ చేశాం" అని రిప్లై వస్తే ఒక్క ప్రశ్న వేయండి: ఫైల్‌నా, ఫోల్డర్‌నా?