పనిమనిషి, మరమనిషి

రోబోకి తెలుగువాళ్ళు పెట్టుకున్న పేరు మరమనిషి. పుస్తకాల్లో బాగానే చెల్లింది. ఇంట్లో నేల తుడిచే గుండ్రటి యంత్రాన్ని మాత్రం ఎవరూ అలా పిలవరు, మిషను అంటారు. కోనసీమ చెవికి మర అంటే పిండిమర. దాని పక్కన మనిషిని కూర్చోబెడితే నోరు తిరగదు.

అసలు మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలోది. సూచించింది ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో రొబొత అంటే దొరకి చేసే వెట్టి. ఆ నాటకంలో రోబోలకి ఇనుప ఒళ్ళు కూడా లేదు, మనిషిని పోలిన కండే. అంటే ఆ పేరు దేనితో చేశారో చెప్పదు, చాకిరీ సంగతి చెబుతుంది. మనం ఇనుము చూసి మర అన్నాం, వెట్టిని వదిలేశాం. నన్నడిగితే దానికి దగ్గరి తెలుగు మాట పనిమనిషే.

వ్యాకరణమూ అదే అంటుంది. మిషను వచ్చింది, పనిమనిషి వచ్చింది. ఏకవచనంలో ఆడవాళ్ళకీ వస్తువులకీ మనకి ఒకటే క్రియ. మర్యాద కావాలంటే బహువచనంలోకి ఎక్కించాలి: అమ్మగారు వచ్చారు. ఆయ్, అండీ లేకుండా పూట గడవని కోనసీమలోనూ అంట్లు తోమే ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఆ ఎక్కించడం ఎందుకో గుర్తుండదు. అందుకే యంత్రం గడప దాటడానికి ఇబ్బంది పడదు. దాన్ని ‘అది’ అంటే ఎవరూ నొచ్చుకోరు, దానికి విడిగా గ్లాసు దాచక్కర్లేదు. ‘ఇంట్లో మనిషిలా చూసుకుంటాం’ అన్న మాట ఉంది చూశారూ, ఇంట్లో మనిషి గురించి దాన్ని ఎవరూ అనగా వినలేదు.

కోనసీమలో రాజోలు, అమలాపురం వైపు ఆడవాళ్ళు ఇదే ఇంటిపనికి కువైట్ వెళ్తారు. అక్కడ వాళ్ళ పేరు ఖద్దామా, అరబీలో సేవకురాలు. వీసా ఇరవై నంబరు. కువైట్ ఇంటిపనివాళ్ళ కోసం చట్టం చేసింది 2015లో. ఖద్దామా అన్న మాట అంతకు చాలా ముందే మన ఊళ్ళకి వచ్చేసింది.

వాళ్ళు అక్కడి ముసలివాళ్ళకి అన్నం కలిపి పెడుతుంటే, ఇక్కడ పిల్లలు దూరదేశాల్లో ఉన్న పెద్దవాళ్ళు ‘మనిషి దొరకట్లేదండీ’ అంటున్నారు. ఊడవడానికి మిషను చాలునట. లేపి కూర్చోబెట్టడానికి, రాత్రి పిలిస్తే పలకడానికి మనిషే కావాలట. ఇందులో ‘పని’ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. కొబ్బరి దింపుకీ, నాట్లకీ మనమడిగేది మనుషుల్నే. మనిషంటేనే కూలి ఈ డెల్టాలో. అదే మాటతో ఇప్పుడు తోడునీ అడుగుతున్నారు. కుదిర్చిపెట్టే మధ్యవర్తి మాత్రం నెలకెంతిస్తారని అడుగుతాడు.