పుట్టగొడుగు వెంట వచ్చినవాళ్లు

హైటెక్ సిటీ చరిత్ర రాసేవాళ్లు 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుతో మొదలుపెడతారు. ఆదివాసులకు ఆ చోట గుర్తుండాల్సిన తేదీ వేరే ఉంది. సైబర్ టవర్స్‌కు కొద్ది దూరంలో హెచ్‌ఐసీసీ అనే పెద్ద సమావేశ మందిరం ఉంది. 2012 అక్టోబరు 8 నుంచి 19 దాకా ప్రపంచ దేశాల ప్రతినిధులు అక్కడ కూర్చుని జీవవైవిధ్యం గురించి చర్చించారు. ఆ రోజుల్లోనే, అక్టోబరు 9న, భారతదేశం నగోయా ఒప్పందాన్ని ఆమోదించింది. ఒక మొక్క గురించి ఒక తెగకు తెలిసిన విద్యను బయటివాళ్లు వాడుకోవాలంటే ముందు ఆ తెగను అడగాలి, లాభం వస్తే పంచాలి. ఆ ఒప్పందంలో మనకు పనికొచ్చే మాట ఇదే.

అడగకుండా పట్టుకుపోయిన కథలు ఎన్నో ఉంటే తప్ప ఇలాంటి నియమం పుట్టదు. అందులో ఒకటి మన పిల్లలకు చెప్పాలి. పట్నంలో చదువుకునే మన కుర్రాళ్లు ఫోన్లలో ‘సైకడెలిక్’ అన్న మాట చూస్తున్నారు. చూపునూ, కాలం తెలివినీ, ‘నేను’ అన్న ఎరుకనూ కొన్ని గంటలపాటు మార్చేసే పదార్థాలకు అది పేరు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో వీటితో మందు తయారవుతోందని వార్తలు వస్తాయి. అది మొదట ఎవరి ఇంట్లో ఉండేదో ఆ వార్తల్లో తరచుగా ఉండదు.

మెక్సికో దేశంలో, ఓహాకా కొండల్లో, మసటెక్ అనే ఆదివాసీ తెగ ఉంది. వాళ్ల ఊరు వావుట్ల. అక్కడ మరియా సబీనా అనే పేదరాలు రోగులకు వైద్యం చేసేది. ఎవరికైనా జబ్బు చేసి కారణం అంతు చిక్కకపోతే ఇంటివాళ్లు ఆమెను పిలుచుకునేవారు. రాత్రి చీకట్లో, నియమంతో ఉండి, కొన్ని పుట్టగొడుగులు తిని, తెల్లవారేదాకా పాడుతూ రోగం ఎక్కడుందో వెతికేది. ఆ పుట్టగొడుగులను ఆమె ‘పిల్లలు’ అనేది. మన గూడెంలో వడ్డె దగ్గర, పూజారి దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది వింత కాదు. జబ్బుపడ్డ మనిషి ఉంటేనే ఆ రాత్రి ఉంటుంది. ఊరికే సరదాకు ఉండదు.

1955 జూన్‌లో గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకు అధికారి ఆ ఊరు చేరాడు. పుట్టగొడుగుల మీద అతనికి పిచ్చి. కారణం లేకుండా ఆ రాత్రి జరగదని తెలుసు గనుక, దూరాన ఉన్న తన కొడుకు గురించి తెలుసుకోవాలని చెప్పాడు. సబీనా కాదనలేదు. 1957 మే నెలలో ‘లైఫ్’ పత్రికలో ఫొటోలతో సహా కథంతా వచ్చింది. ఆమె పేరు మార్చాడు, కానీ ఊరిని దాచడం సాధ్యం కాలేదు. నడుమ 1956లో అతను మళ్లీ పోయినప్పుడు వెంట వచ్చిన ఒక రసాయన శాస్త్రజ్ఞుడు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కోసం పనిచేస్తున్నవాడు. 1958లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఆ పుట్టగొడుగుల్లోంచి సైలోసైబిన్‌ను విడదీశాడు. ఎల్‌ఎస్‌డీని కనిపెట్టింది కూడా ఆయనే. 1962లో ఆ బిళ్లలు పట్టుకుని సబీనా దగ్గరికే వచ్చాడు.

తర్వాత జనం వరదలా వచ్చారు. రోగం లేనివాళ్లు, పగలే తినేవాళ్లు, దారిలో పడి దొర్లేవాళ్లు. వాళ్ల వెనక పోలీసులు వచ్చారు. సబీనా ఇల్లు తగలబడింది. సొంత ఊరివాళ్లే ఆమెను తప్పుపట్టారు. బయటివాళ్లు వచ్చాక పుట్టగొడుగుల బలం పోయిందని ముసలితనంలో ఆమె బాధపడింది. 1985లో పేదరికంలోనే చనిపోయింది.

ఇదే వాసన్ మన దేశానికీ వచ్చాడు. 1960లలో సంతాలుల దగ్గర ‘పుట్క’ అనే పుట్టగొడుగు గురించి అడిగాడు. తొలకరికి నేలలోంచి తవ్వుకుని కూర వండుకునే మామూలు తిండి అది, మత్తు ఏమీ లేదు. అయినా సంతాలీ భాషలో దాన్ని ప్రాణమున్న జీవిగా లెక్కించి మాట్లాడతారు. ఎందుకంటే చెప్పలేకపోయారు. చెప్పడానికి ఇష్టపడలేదేమో అని మాకు ఒక అనుమానం.

సరిగ్గా సబీనా పోయిన ఏడే, 1985లో, మన దేశంలో మత్తుపదార్థాల చట్టం వచ్చింది. ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ అందులో ఉన్నాయి. ఎల్‌ఎస్‌డీ గ్రాములో పదో వంతు, గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. అటు అమెరికాలో మాత్రం జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 2006లో సైలోసైబిన్ ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. ఆస్ట్రేలియా 2023లో కొందరు మానసిక వైద్యులకు దాన్ని వాడే అనుమతి ఇచ్చింది. ఆ ప్రయోగాల్లో రోగి పక్కన ఇద్దరు తోడు కూర్చుంటారు, కళ్లకు గంతలు కడతారు, పాటలు వినిపిస్తారు. చదువుతుంటే మాకు సబీనా గుడిసే కనిపించింది.

ఐటీ కారిడార్‌లో మాత్రం ఆ తోడు లేదు. శని, ఆదివారాల పార్టీల మీద దాడులు జరిగి బిళ్లలు, స్టాంపులు దొరికాయని పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఆ నగరానికి గంజాయి పోయే దారి మన ఏజెన్సీ మీదుగా ఉంది. నాలుగు డబ్బుల కోసం మూట మోసిన మన పిల్లవాడు దొరుకుతాడు, మూట సొంతదారు దొరకడు. బెయిలుకు పొలం తాకట్టు పెట్టిన తల్లులు మాకు తెలుసు.

అదే మాదాపూర్‌లో శిల్పారామం ఉంది. మన దండారీ, థింసా బృందాలు అక్కడ ఆడతాయి. గుస్సాడీ తలమీద నెమలి పింఛాల టోపీ పెడితే మనిషి కాదు, దేవుడు. ఒంటికి బూడిద పూసుకుని, దీపావళి దాకా స్నానం మానేసి, ఊరూరా తిరిగి డప్పు, తుడుం మీద ఆడేవాడికి కలిగేది కూడా ఒక మార్పే. ఇప్పసారా పండుగలో ఉంటుంది, కాదనం. కానీ ఆ మార్పు తెచ్చేది సారా కాదు, నియమం, డప్పు, చుట్టూ నిలబడ్డ ఊరు. వేదిక మీద పది నిమిషాల్లో అది రాదు. మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా పొంగిపోయాం. ఆయన ఎంతోమందికి నేర్పారు.

టీచర్లకు ఒక పని ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరికి ఒక కమిటీ, ఒక రిజిస్టరు ఉండాలి. కేరళ అగస్త్య కొండల్లో కాణి తెగవాళ్లు 1987లో శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ కాయ చూపించారు. ‘జీవని’ అనే మందు వచ్చాక ఫీజులోనూ రాయల్టీలోనూ సగం వాళ్లకు వచ్చేలా ఏర్పాటైంది. గొడవలు పడ్డారు గానీ వాటా మాత్రం దక్కింది. 2023 సవరణతో, గ్రంథాల్లోకెక్కిన విద్యను వాడుకునేవాళ్లకు వాటా పంచే బాధ్యత తీసేశారు. మన విద్య ఇంకా నోట్లోనే ఉంది. కాబట్టి ఎవరైనా రికార్డరు పట్టుకుని వడ్డె ఇంటికి వస్తే, ముందు గ్రామసభకు రమ్మనండి. ఎవరి కోసం అడుగుతున్నారో, ఎక్కడ అచ్చు వేస్తారో, ఊరి పేరు రాస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. చెప్పకూడనిది ఏదో మీ పెద్దలకు తెలుసు. ఆ పేజీ రిజిస్టరులో ఖాళీగా ఉన్నా పర్వాలేదు.