తేజే ప్రార్థన: చదవడం రాకపోయినా కలిసి పాడే పాట

తేజే ప్రార్థన అంటే ప్రసంగం లేని క్రైస్తవ ఆరాధన. ఒకటి రెండు పంక్తుల పాటను అందరూ మళ్లీ మళ్లీ పాడతారు, కొంతసేపు మౌనంగా కూర్చుంటారు. ఫ్రాన్స్‌లోని తేజే అనే పల్లె పేరే దీనికి వచ్చింది.

ఎలా మొదలైంది?
1940లో స్విట్జర్లాండ్‌కు చెందిన రోజర్ షుట్జ్ ఆ పల్లెకు వచ్చి, యుద్ధకాలంలో యూదులతో సహా శరణార్థులకు ఆశ్రయమిచ్చారు. 1949 ఈస్టర్ నాడు ఏడుగురు సహోదరులు జీవితాంతం కలిసి ఉంటామని ప్రమాణం చేశారు. ప్రొటెస్టంట్లు, కేథలిక్కులు కలిసి ఉండే సమాజం ఇది. 2005 ఆగస్టు 16న, సాయంకాల ప్రార్థనలోనే బ్రదర్ రోజర్ హత్యకు గురయ్యారు. ప్రార్థన మాత్రం ఆగలేదు.

పాట ఎందుకంత చిన్నది?
మొదట్లో సహోదరులు ఫ్రెంచ్‌లోనే పాడేవారు. తర్వాత పలు దేశాల యువతీయువకులు రావడంతో భాష అడ్డమైంది. 1970లలో స్వరకర్త జాక్ బెర్తియే వారికోసం చిన్న చిన్న పాటలకు బాణీలు కట్టారు. రెండుసార్లు వింటే మూడోసారి ఎవరైనా గొంతు కలపవచ్చు.

ఎలా జరుపుతారు?
కొవ్వొత్తులు వెలిగించి, చాలామంది నేలమీదే కూర్చుంటారు. పాటలు, కీర్తన, చిన్న వాక్యపఠనం, ఆ తర్వాత ఐదు పది నిమిషాల మౌనం, విజ్ఞాపనలు, మళ్లీ పాటలు. తేజేలో శుక్రవారం రాత్రి సిలువ చుట్టూ ప్రార్థిస్తారు. శనివారం రాత్రి పునరుత్థానానికి గుర్తుగా దీపాలు పట్టుకుంటారు.

మన ఇళ్లలో
హొసకోటెలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో అవ్వతాతలకు కీర్తనలు కంఠతా వచ్చు. పిల్లలు బడిలో చదివేది కన్నడ, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతారు గానీ పాటల పుస్తకం చదవలేరు. పెద్దలు పాడుతుంటే వాళ్లు ఊరికే కూర్చుంటారు. అలాగే సాగితే ఆ పాటలు పెద్దలతోనే ఆగిపోతాయి.

ఇక్కడే తేజే పద్ధతి పనికొస్తుంది. మన కీర్తనలకు పల్లవి ఎలాగూ ఉంది. ఇంటిప్రార్థనలో అవ్వ ఒక్క పల్లవి ఎత్తుకుంటే, అందరూ పదిసార్లు మెల్లగా పాడి కాసేపు మౌనంగా ఉంటే చాలు. చరణాలు తర్వాత నేర్చుకోవచ్చు. అక్షరాలు రాని పిల్లలకు కూడా పల్లవి నోటికి వస్తుంది.