ఇద్దరి మీద పడిన లోకం: ఏడు దశాబ్దాల సింహావలోకనం

స్వలింగ జంటలు ఎక్కువకాలం కలిసి ఉండవన్నది ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మిన మాట. 1952లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతల పట్టికను మొదటిసారి అచ్చువేసినప్పుడు స్వలింగ ప్రేమను అందులో చేర్చింది. ఆ డాక్టర్లు ఎక్కువగా చూసింది జైళ్ల నుంచో, ఆసుపత్రుల నుంచో, చికిత్స కోరో తమ దగ్గరికి వచ్చినవాళ్లను. వాళ్లలో దిగులు కనిపిస్తే ఆ దిగులు ప్రేమలోనే పుట్టిందనుకున్నారు. ఇంటాయన ఖాళీ చేయమన్నాడా, ఉద్యోగం ఊడిందా, పోలీసులు పట్టుకెళ్లారా అని అడగాలని చాలామందికి తట్టలేదు.

ఈ లెక్క తప్పని తేల్చిన మనిషి ఎవిలిన్ హుకర్. లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెప్పుకునే సైకాలజిస్టు. మా మీద పరిశోధన చేయాల్సిందే అని పట్టుబట్టింది ఆమె పాత విద్యార్థి ఒకడు. చికిత్సలో లేని స్వలింగ ప్రేమికులైన పురుషులు ముప్ఫైమందినీ, తక్కిన పురుషులు ముప్ఫైమందినీ తీసుకుని అవే పరీక్షలు పెట్టింది. పేర్లు తీసేసి ఆ ఫలితాలు నిపుణుల ముందు పెడితే, ఎవరు ఎవరో వాళ్లు చెప్పలేకపోయారు. 1956లో షికాగో సభలో ఆమె ఈ సంగతి చెప్పింది, మరుసటి ఏడు అచ్చయింది. జబ్బు మనిషిలో లేదని తేలాక మిగిలిన ప్రశ్న ఒక్కటే. మరి ఆ దిగులు ఎక్కడిది?

జవాబు దొరకడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ఈలోగా 1972లో డల్లాస్‌లో జరిగిన మానసిక వైద్యుల సభకు జాన్ ఫ్రైయర్ అనే డాక్టరు మొహానికి ముసుగు తొడుక్కుని, గొంతు మార్చే మైకు ముందు కూర్చుని, నేనూ మీలాంటి సైకియాట్రిస్టునే, నేనూ స్వలింగ ప్రేమికుణ్ణే అని చెప్పాడు. మరుసటేడు డిసెంబరులో పట్టిక నుంచి ఆ పేరు తీసేశారు. నన్నడిగితే ఆ సభలో చేసిన ప్రసంగం కంటే ఆ ముసుగే పెద్ద సాక్ష్యం. మనసుల గురించి అన్నీ తెలిసిన తోటి వైద్యుల ముందు కూడా ఒక వైద్యుడు మొహం దాచుకోవలసి వచ్చింది.

1981లో విన్ కెలీ బ్రూక్స్ అనే పరిశోధకురాలు స్త్రీలను ప్రేమించే స్త్రీల మీద రాసిన పుస్తకంలో ‘మైనారిటీ స్ట్రెస్’ (అల్పసంఖ్యాకులు మోసే అదనపు ఒత్తిడి) అన్న భావాన్ని ముందుకు తెచ్చింది. 1995లో ఇలాన్ మేయర్ న్యూయార్క్ పురుషుల మీద దాన్ని పరీక్షించాడు. 2003లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి దానికొక చట్రం కట్టాడు. అందరికీ ఉండే అప్పులు, రోగాలు, ఆఫీసు తలనొప్పులు వీళ్లకూ ఉంటాయి. వాటి పైన ఇంకో నాలుగు పొరలు చేరతాయి. మొదటిది బయటి నుంచి వచ్చే దెబ్బ: తిట్టు, దాడి, వివక్ష. రెండోది ఆ దెబ్బ ఎప్పుడు పడుతుందోనని నిత్యం చెవులు రిక్కించి ఉండటం. మూడోది దాపరికం. నాలుగోది లోకం తన గురించి అనే మాటను తానే నమ్మి తన మీద తనకే ఏహ్యభావం పుట్టడం. దెబ్బ ఏడాదికి ఒకసారే పడినా తక్కినవి రోజూ నడుస్తూనే ఉంటాయి.

మేయర్ చట్రం ఒక మనిషిది. జంట విషయం వచ్చేసరికి ఇందులో దాపరికానిది వేరే కథ. ఒంటరి మనిషి తనను మాత్రం దాస్తే చాలు. జంటలో ఒకరు దాచాలంటే రెండోవాళ్లు మాయం కావాలి. కూకట్‌పల్లిలో రెండు గదుల ఇల్లు తీసుకున్న ఇద్దరమ్మాయిలను ఓనరు ఏమీ అడగడు, స్నేహితులనుకుంటాడు. ఊరి నుంచి అమ్మ వస్తోందంటే మాత్రం రెండో మంచం వేయాలి, గోడ మీది ఫొటో తీయాలి, వాట్సాప్ డీపీ మార్చాలి. ఆఫీసు పార్టీలో ఒకరు రెండోవారికి ‘కజిన్’. ఒకరు ఇంట్లో చెప్పేసి, రెండోవారు చెప్పలేకపోతే తగువు అక్కడ రాజుకుంటుంది. “నన్నెన్నాళ్లు దాస్తావ్” అనేది ఒకరి మాట. “మా నాన్నకి గుండెపోటు వస్తే నువ్వొస్తావా” అనేది ఇంకొకరి మాట. ఇద్దరిదీ నిజమే. బయటివాళ్లకు అది ఇద్దరి మధ్య పొసగకపోవడంలా కనిపిస్తుంది. విదేశం వెళ్లినా ఇది పూర్తిగా తీరదు. అమెరికాలో చట్టప్రకారం పెళ్లాడిన తెలుగు కుర్రాడి ఇంటికి అమ్మానాన్నలు ఆరు నెలల విజిటర్ వీసా మీద దిగితే, ఆ ఆరు నెలలూ కట్టుకున్నవాడు రూమ్మేట్ అయిపోతాడు.

డేవిడ్ ఫ్రాస్ట్, అలెన్ లెబ్లాంక్ బృందం అట్లాంటాలోనూ శాన్ ఫ్రాన్సిస్కోలోనూ 120 స్వలింగ జంటల చేత తమ సంబంధపు చరిత్రను కాలరేఖలుగా గీయించింది. 2017లో అచ్చయిన ఆ పరిశోధనలో, ఏ ఒక్కరికీ విడిగా కాక జంటకు జంటగా తగిలే ఒత్తిళ్లు పదిహేడు రకాలు తేలాయి. ఒకరి మీద పడ్డది రెండోవారికి పాకుతుందని కూడా ఈ పరిశోధకులు చూపించారు. అంతకుముందే జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ పన్నెండేళ్ల పాటు స్వలింగ జంటలను గమనించి 2003లో ఫలితాలు ప్రకటించారు. పోట్లాట మొదలుపెట్టే తీరు ఈ జంటల్లో మెత్తగా ఉందనీ, హాస్యం ఎక్కువ, పెత్తనం తక్కువ అనీ వాళ్లు గమనించారు. అలాంటప్పుడు నిలబడవన్న పాత మాటకు కారణాన్ని జంట లోపల వెతకడం దండగ.

లోకం అంటే ఇరుగుపొరుగు నోళ్లు మాత్రమే కాదు, కాగితం కూడా. 1983లో మిన్నెసోటాలో షారన్ కొవాల్‌స్కీ అనే యువతి కారు ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలి మంచాన పడింది. ఆమెతో కలిసి బతుకుతున్న కారెన్ థాంప్సన్‌కు చట్టం దృష్టిలో ఏ చుట్టరికమూ లేదు. సంరక్షణ తండ్రికి దక్కింది, కారెన్‌ను చూడనివ్వలేదు. ఆమెనే సంరక్షకురాలిగా పైకోర్టు ఒప్పుకున్నది 1991లో. ఎయిడ్స్ ఆసుపత్రులను నింపుతున్న ఆ ఏళ్లలో ఎందరో సహచరులు వార్డు తలుపు బయటే నిలబడిపోయారు. పెళ్లి హక్కు ఉద్యమం వేడుక మీద మోజుతో పుట్టిందనుకునేవాళ్లు ఆ దశాబ్దం గురించి చదవాలి.

చట్టం మారితే మనసు మారుతుందా అంటే కొంత లెక్క ఉంది. 2004, 2005 ఎన్నికల్లో అమెరికాలోని పలు రాష్ట్రాలు స్వలింగ వివాహాన్ని నిషేధించాయి. అంతకు ముందూ తరవాతా అవే మనుషులను ప్రశ్నించిన సర్వేను మార్క్ హాట్జెన్‌బ్యూలర్ విశ్లేషించాడు. నిషేధం వచ్చిన రాష్ట్రాల స్వలింగ, ద్విలింగ ప్రేమికుల్లో డిప్రెషన్ తరహా రుగ్మతలు 36.6 శాతం పెరిగాయి. నిషేధం లేనిచోట ఆ పెరుగుదల లేదు. వాళ్లలో చాలామంది పెళ్లి ఆలోచనలోనే లేకపోయి ఉండవచ్చు. నీ బంధం మాకు పట్టదని రాష్ట్రమంతా ఓటేసి చెప్పడమే చాలింది. దీనికి ఎదురు ఉదాహరణ వెర్మాంట్. 2000లో ఆ రాష్ట్రంలో సివిల్ యూనియన్ (పెళ్లి అన్న పేరు లేని చట్టబద్ధ నమోదు) వచ్చింది. మూడేళ్ల తరవాత చూస్తే, అలా నమోదైన జంటలు నమోదుకాని స్వలింగ జంటల కంటే తక్కువగా విడిపోయాయి.

డెన్మార్క్ ఇంకా ముందు. ఆక్సెల్, ఐగిల్ అనే ఇద్దరు తమ పేర్లు కలిపి ‘ఆక్స్‌గిల్’ అని ఇంటిపేరు పెట్టుకున్నారు. 1950లలో జైలుకూ వెళ్లొచ్చారు. నలభయ్యేళ్లు కలిసి ఉన్నాక, 1989 అక్టోబరు 1న ప్రపంచంలో మొట్టమొదటి నమోదిత స్వలింగ జంటల్లో ఒకటయ్యారు. డెన్మార్క్, స్వీడన్ రికార్డులతో 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 1989–2002తో పోలిస్తే 2003–2016లో స్వలింగ దంపతుల ఆత్మహత్యల రేటు 46 శాతం తగ్గింది. అయినా తక్కిన దంపతుల రేటుకు అది రెండింతలకు పైనే ఉంది. చట్టం సగం పని చేసిందన్నమాట.

మన దేశపు లెక్క వేరు. 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిన శిక్షాస్మృతి, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌తో 2018 దాకా నడిచింది. స్వలింగ ప్రేమ మీద ఇక్కడ తొలి బహిరంగ చర్చల్లో ఒకదాన్ని లేవదీసింది గణిత మేధావి శకుంతలా దేవి అంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. 1977లో స్వలింగ ప్రేమికుల లోకం మీద ఆమె ఒక పుస్తకం రాసింది. మూడేళ్ల తరవాత మెదక్ లోక్‌సభ స్థానంలో ఇందిరాగాంధీ మీద పోటీచేసింది కూడా ఆవిడే. మన పాత్రికేయానికి పోటీ గుర్తుంది, పుస్తకం గుర్తులేదు. 1987 చివర్లో భోపాల్‌లో లీల, ఊర్మిళ అనే ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు దండలు మార్చుకున్నారు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి.

2009లో ఢిల్లీ హైకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు నేరమే అంది. 2018 సెప్టెంబరు 6న మళ్లీ కాదంది. మధ్యలోని నాలుగేళ్ల తొమ్మిది నెలలు నాకు ఇప్పటికీ వింతగా తోస్తాయి. ధైర్యం చేసి ఇంట్లో చెప్పినవాళ్లు ఒక్క తీర్పుతో మళ్లీ నేరస్థులయ్యారు.

అయితే మన దగ్గర అసలు భయం కోర్టు కాదు, ఇల్లే. అమెరికన్ చట్రంలో కుటుంబం ఎన్నో కారణాల్లో ఒకటి. ఇక్కడ తక్కినవన్నీ దాని వెనకే. అన్నం పెట్టే చెయ్యీ, తలుపుకు గడియ వేసే చెయ్యీ ఒకటే కావడం వల్ల దాన్ని ద్వేషించడానికీ వీలుండదు. పెళ్లిచూపులు, పరువు, ‘చెల్లెలికి సంబంధం రాదు’ అన్న మాట, ఆపైన ఠాణాలో మిస్సింగ్ కేసు. అందుకే ఈ జంటల చరిత్ర మన దేశంలో హెబియస్ కార్పస్ పిటిషన్లలో ఎక్కువగా దొరుకుతుంది. 2021లో మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ అలాంటి జంట రక్షణ కోరిన కేసు వింటూ తనకే అవగాహన లేదని ఒప్పుకుని సైకాలజిస్టు దగ్గర కూర్చున్నారు. తరవాతిచ్చిన ఉత్తర్వులో స్వలింగ ప్రేమను ‘నయం చేస్తాం’ అనే చికిత్సలను నిషేధించమన్నారు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి ఇంట్లో నిర్బంధంలో ఉన్న యువతి తనకు నచ్చిన స్త్రీతో ఉండవచ్చునంది.

2021లో హైదరాబాద్ దగ్గర బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పేరుతోనే పెళ్లి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 అక్టోబరు 17న కోర్టు పెళ్లి హక్కు లేదంది. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లూ పోయాయి. ఇప్పుడు చేతిలో మిగిలినవి 2024లో కేంద్రం ఇచ్చిన కొన్ని కాగితాలు. జాయింట్ అకౌంటు తెరవచ్చు, నామినీగా పెట్టుకోవచ్చు, ఒకే రేషన్ కార్డులో ఉండవచ్చు. సహచరుడు చనిపోతే భౌతికకాయం అడగవచ్చు, కానీ దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు. ముప్ఫై ఏళ్లు కలిసి వండుకు తిన్న మనిషి వంతు, ఏళ్ల తరబడి మాట్లాడని అన్నదమ్ముల తరవాతే. దీన్ని మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పార్లమెంటు ఒక మామూలు చట్టం చేస్తే చాలు.