మోకాటి పరీక్ష: నూరేండ్ల మరపు

మానవ శరీరమునందలి కీళ్ళన్నింటిలో మోకాలు పెద్దది. తొడ ఎముక క్రింది కొన రెండు గుండ్రని బుడిపెలుగా ఉండును. వానిని మోయు కాలి ఎముక పైభాగము ఇంచుమించు బల్లపరుపుగా ఉండును. తుంటి కీలులో బంతి గిన్నెలో ఇమిడినట్లు ఇచ్చట ఏదియు ఇమిడియుండదు. బల్లపై గోళీలు పెట్టినట్టి అమరిక ఇది. ఆ గోళీలు జారిపోకుండ నిలుపునవి చుట్టునున్న కండరములు, సంధిబంధనములు. కీలు నడుమ రెండు బంధనములు కత్తెర వలె ఒకదాని నొకటి దాటుచు పోవును. వీనిలో ముందరిది సుమారు 3 సెంటీమీటర్ల పొడవు గలది. కాలి ఎముక ముందుకు జారకుండ పట్టియుంచుట దాని ముఖ్యమైన పని. ఇది తెగినదా లేదా అను సంగతి పైకి కనబడదు. వైద్యుడు చేతితో తెలిసికొనవలెను.

ఈ బంధనముల పనిని ప్రయోగపూర్వకముగా పరిశీలించినవారిలో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు ముఖ్యులు. వీరిలో విల్‌హెల్మ్ భౌతిక శాస్త్రజ్ఞుడు. అయస్కాంత అభివాహమునకు ప్రమాణమైన 'వెబర్' ఆయన పేరనే వెలసినది. ఆయనయు, తమ్ముడు ఎడ్వర్డును కలిసి 1836లో మానవుని నడకను గూర్చి ఒక గ్రంథము ప్రకటించినారు. ముందరి బంధనమును కోసినచో కాలి ఎముక అసహజముగా ముందు వెనుకలకు కదలునని వారు గమనించినారు. 1845లో ఫ్రాన్సులోని లియాన్ నగర వైద్యుడు బొన్నే కీళ్ళ వ్యాధులపై వ్రాసిన గ్రంథములో, బంధనము తెగినప్పుడు వినవచ్చు 'టప్' మను చప్పుడును, కీలులో రక్తము నిండి వచ్చు వాపును వర్ణించినాడు.

1875వ సంవత్సరము మోకాటి చరిత్రలో గుర్తుంచుకొనదగినది. ఆ సంవత్సరము రెండు పరీక్షలు వెలువడినవి. మోకాలి చిప్ప క్రింద తట్టినప్పుడు కాలు ఎగురుటను గూర్చి హైడెల్‌బర్గులో ఎర్బ్, బెర్లినులో వెస్ట్‌ఫాల్ వేరువేరుగా పరిశీలించి ఒకే పత్రికలో ప్రకటించినారు. ఇది అనతికాలములోనే లోకమంతట వ్యాపించినది. రెండవది పారిస్‌లో గ్రీసు దేశీయుడు నూలిస్ వైద్య పట్టమునకై సమర్పించిన సిద్ధాంత వ్యాసము. దాని విషయము మోకాటి బెణుకు. ఒక చేతితో తొడను కదలకుండ పట్టి, రెండవ చేతితో కీలుకు దిగువన కాలిని బొటనవ్రేలు ముందును, తక్కిన వ్రేళ్ళు వెనుకను ఉండునట్లు పట్టుకొని ముందు వెనుకలకు కదిలింపవలెనని ఆయన వ్రాసినాడు. ముందరి బంధనము మాత్రమే తెగినచో మోకాలు కొంచెమే వంగియున్నప్పుడు ఈ కదలిక తెలియుననియు, వెనుకటిది తెగినచో మోకాటిని బాగుగా ముడువవలసి యుండుననియు వివరించినాడు.

మొదటి పరీక్ష ప్రతి వైద్య విద్యార్థికిని తెలియును. రెండవదానిని లోకము మరచినది. ఎర్బ్, వెస్ట్‌ఫాల్ పేరొందిన ఆచార్యులు; నూలిస్ విద్యార్థి. ఇది ఒక కారణము కావచ్చును గాని, అంతకంటె బలమైన కారణము చికిత్స లేకపోవుటయే. తెగినదని తెలిసినను ఆనాటి వైద్యుడు కట్టు కట్టి పడుకొనబెట్టుట కంటె అధికముగా చేయగలిగినది లేదు. 1895లో ఇంగ్లండులోని లీడ్స్ నగరమున మేయో రాబ్సన్ 41 ఏండ్ల గని కార్మికుని మోకాటిలో తెగిన రెండు బంధనములను కుట్టి, ఆ సంగతిని 1903లో ప్రకటించినాడు. ఆ కార్మికుడు మరల పనిలోనికి పోగలిగినాడు. అదే 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొన్నాడు. అవి విరిగిన ఎముకను చూపునే గాని తెగిన బంధనమును చూపవు.

శస్త్రచికిత్స ఆరంభమైన పిదప వైద్యులు ఎక్కువగా నమ్ముకొన్నది 'సొరుగు పరీక్ష'. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మోకాటిని 90 డిగ్రీలు వంచి, పాదమును మంచముపై ఆనించి, కాలిని మేజా సొరుగు వలె ముందుకు లాగుదురు. చూచుటకు సులభమే. కాని దెబ్బ క్రొత్తగా తగిలినప్పుడు ఈ పరీక్ష తరచుగా మోసగించును. రక్తముతో ఉబ్బిన మోకాలు 90 డిగ్రీలు వంగనే వంగదు. వంగినను, లోపలి వైపు అర్ధచంద్రాకార మృదులాస్థి వెనుక కొమ్ము, బండి చక్రమునకు పెట్టిన రాయి వలె, తొడ ఎముక బుడిపెకు అడ్డుపడును. అన్నిటికంటె ముఖ్యమైనది, తొడ వెనుక కండరములు బాధచే బిగుసుకొనుట.

ఈ చివరి సంగతిని తరగతిలోనే చూపవచ్చును. విద్యార్థి కుర్చీలో కూర్చుండి, మోకాలు లంబకోణములో ఉండగా, మడత వెనుక ఇరుప్రక్కల వ్రేళ్ళు పెట్టి, మడమను నేలకు అదిమి వెనుకకు లాగినచో, త్రాళ్ళవంటి స్నాయువులు బిగియుట తెలియును. ఆ స్థితిలో అవి కాలి ఎముకను తిన్నగా వెనుకకు లాగును. కాలు 20 డిగ్రీలు మాత్రమే వంగియున్నప్పుడు వాని లాగుడు చాలవరకు ఎముక పొడవు వెంబడి పోవును. స్థూలముగా లెక్కించినచో, వెనుకకు లాగు భాగము ఆ కోణపు సైనుకు అనులోమము: 90 డిగ్రీలకు 1, 20 డిగ్రీలకు 0.34. అనగా అదే కండరము వైద్యుని చేతికి మూడవవంతు మాత్రమే అడ్డు తగులును. నూలిస్ చెప్పిన 'కొంచెము వంచుట'లోని బలము ఇదియే.

ఇంతలో మృదులాస్థుల పరీక్షలు మెరుగుపడినవి. లివర్‌పూల్‌లో మెక్‌మరే, మోకాటిని పూర్తిగా ముడిచి పాదమును త్రిప్పుచు మెల్లగా చాపినప్పుడు 'టిక్కు'మనుటను పట్టుకొన్నాడు. 1947లో ఆప్లే రోగిని బోర్ల పరుండబెట్టినాడు. కాలిని పైకి లాగుచు త్రిప్పినచో నొప్పి కలిగిన దోషము బంధనములది. క్రిందికి అదుముచు త్రిప్పినప్పుడు నొప్పి కలిగిన మృదులాస్థులది. ఇంత చక్కని తర్కము గల పరీక్షలు వైద్యములో తక్కువ.

1976లో అమెరికాలో జోసెఫ్ టార్గ్, ఆయన సహచరులు కొంచెము వంచిన మోకాటితో ముందరి బంధనమును పరీక్షించు విధానమును ప్రకటించినారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమున తనకు గురువైన జాన్ లాక్‌మన్ పేరును టార్గ్ దానికి పెట్టినాడు. సొరుగు పరీక్ష ఎందుకు విఫలమగునో కూడ అందులో వివరించినారు. కొలది సంవత్సరములలోనే 'లాక్‌మన్ పరీక్ష' ఆటగాండ్ర వైద్యములో అందరును వాడునదైనది. 1992లో ప్యాస్లర్, మిషెల్ అను వైద్యులు నూలిస్ వ్యాసమును బయటికి తీసి, ఈ పరీక్ష ఎంత క్రొత్తదని ప్రశ్నించినారు. 117 ఏండ్లు గడచినవి! గురువును గౌరవించిన శిష్యుని తప్పు పట్టుట తగదు. కాని నూలిస్ పేరు నేటికిని పాఠ్యగ్రంథములలో అరుదుగానే కనబడుచున్నది.

1980 తరువాత వ్యాపించిన ఎమ్మారై యంత్రము బంధనమును చిత్రములో చూపగలిగినది. అయినను చేతి పరీక్ష తొలగిపోలేదు. 2006లో 28 అధ్యయనములను కలిపి చూడగా, బంధనము తెగిన 100 మందిలో లాక్‌మన్ పరీక్ష సుమారు 85 మందిని పట్టుకొన్నది. తెగని 100 మందిలో సుమారు 94 మందిని తెగలేదనియే చూపినది. సొరుగు పరీక్ష పాత గాయములలో బాగుగనే పనిచేసినది, క్రొత్త గాయములలో కాదు. కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉండును గనుక, అనుభవజ్ఞుడైన వైద్యుడు నేటికిని ముందుగా చేయివేయునది దెబ్బ తగలని మోకాటిపైననే.